నవోయా ఇనోయె బాక్సింగ్ ప్రస్థానం: తరచుగా అడిగే ప్రశ్నలు

బాక్సింగ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది మహమ్మద్ అలీ, మైక్ టైసన్. అంటే వంద కిలోల మనుషులు. అందులో సగం బరువున్న ఒక జపాను బాక్సర్ రింగులోకి దిగి పుష్కరం దాటింది, ఇంతవరకు ఓటమి ఎరగడు. అతని గురించి కొత్తగా తెలుసుకున్నవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఇస్తున్నాను. లెక్కలన్నీ 2025 డిసెంబరు చివరి నాటివి.

ఎవరీ నవోయా ఇనోయె?

జపానులోని కనగావా ప్రాంతంలో, జామా పట్టణంలో 1993 ఏప్రిల్ 10న పుట్టాడు. 2012 అక్టోబరు 2న తొలి ప్రొఫెషనల్ పోటీ ఆడాడు. ఇప్పటికి 32 పోటీలు, 32 గెలుపులు, వాటిలో 27 నాకౌట్లు. లైట్ ఫ్లై, సూపర్ ఫ్లై, బాంటమ్, సూపర్ బాంటమ్ అనే నాలుగు బరువు విభాగాల్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. చివరి రెండింటిలో ఉన్న ఛాంపియన్ బెల్టులన్నీ ఊడ్చేశాడు. అభిమానులు అతన్ని 'మాన్‌స్టర్' అంటారు. ఆ పేరు పెట్టింది అతని జిమ్ యజమాని. మనిషిని చూస్తే, మాట వింటే, ఆ పేరు ఇతనికెందుకు పెట్టారా అనిపిస్తుంది. రింగులో చూశాక ఆ అనుమానం ఉండదు.

తేలిక బరువు విభాగాలంటే ఎంత బరువు?

ప్రొఫెషనల్ బాక్సింగులో అన్నిటికన్నా కిందిది మినిమమ్ వెయిట్, 47.6 కిలోలు. ఆ పైన లైట్ ఫ్లై 49, ఫ్లై 50.8, సూపర్ ఫ్లై 52.2, బాంటమ్ 53.5, సూపర్ బాంటమ్ 55.3, ఫెదర్ 57.2. ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ రెండు కిలోల లోపే తేడా. ఇంతే కదా అనిపిస్తుంది గానీ, ఒంట్లో కొవ్వన్నదే మిగలని 50 కిలోల మనిషికి కిలోన్నర అంటే మూడు శాతం. పైగా బరువు తూచేది పోటీకి ముందు రోజు. తూకం అయిపోగానే నీళ్ళు, తిండితో చాలామంది కొన్ని కిలోలు తిరిగి పెరుగుతారు. కాబట్టి రింగులో కనిపించే మనిషి బరువు, కాగితం మీది బరువు ఒకటి కావు. పై విభాగానికి వెళ్ళడమంటే ఎముకలోనే పెద్దవాళ్ళైన మనుషుల చేత దెబ్బలు తినడానికి సిద్ధపడటం. ఇనోయె ఆ పని మూడుసార్లు చేశాడు.

బాక్సింగ్ ఎవరు నేర్పారు?

తండ్రి షింగో. ఆయన అమెచ్యూర్ (దాన్నే వృత్తిగా చేసుకోని) బాక్సరుగా కొంతకాలం ఆడి, ఇళ్ళకు రంగులు వేసే వ్యాపారంలో స్థిరపడ్డాడు. ఆయన సాధన చేస్తుంటే చూసి, ఆరేళ్ళ నవోయా తానూ నేర్చుకుంటానన్నాడు. అప్పటి నుంచి ఈ రోజు దాకా కోచ్ ఆయనే. పోటీ రోజున రింగు మూలలో నిలబడేదీ ఆయనే.

ఇది విశేషంగా చెప్పుకోవలసిన సంగతి. బాక్సింగులో తండ్రీకొడుకుల జంటలు డబ్బు, పేరు వచ్చాక చాలావరకు నిలవవు. ఫ్లాయిడ్ మేవెదర్ అంతటివాడు తండ్రితో విడిపోయి, మళ్ళీ ఎప్పటికో కలిశాడు. ఇనోయె ఇంట్లో ఆ గొడవ వినపడలేదు. తమ్ముడు తకుమా, కజిన్ కోకి కూడా అదే శిక్షణలో ప్రొఫెషనల్ బాక్సర్లయ్యారు. పాదాల కదలిక, నిలబడే తీరు, జ్యాబ్ (ముందు చేత్తో నేరుగా విసిరే దెబ్బ) కొట్టి చేతిని వెంటనే వెనక్కి తెచ్చుకోవడం వంటి ప్రాథమిక పాఠాల మీద ఆ ఇంట్లో ఎంత పట్టుదల ఉండేదో ముగ్గురి ఆటలోనూ కనిపిస్తుంది.

ఒలింపిక్స్‌లో ఎందుకు ఆడలేదు?

త్రుటిలో తప్పిపోయింది. అమెచ్యూరుగా 81 పోటీల్లో 75 గెలిచాడు. హైస్కూలు చదువు పూర్తయ్యేలోగా ఏడు టైటిళ్ళు సంపాదించాడు. 2011లో బాకూలో జరిగిన ప్రపంచ పోటీల్లో క్యూబా బాక్సర్ యోస్వానీ వెయితియా చేతిలో ఓడాడు. 2012లో అస్తానాలో జరిగిన ఆసియా అర్హత పోటీల్లో ఫైనల్ దాకా వెళ్ళి, అక్కడ కజకిస్తాన్ బాక్సర్ బిర్జాన్ జకిపోవ్ చేతిలో ఓడిపోయాడు. దాంతో లండన్ దారి మూసుకుపోయింది. మరో నాలుగేళ్ళు ఆగకుండా ఆ ఏడాదే ప్రొఫెషనల్ అయిపోయాడు.

జపానులో ప్రొఫెషనల్ బాక్సర్ కావాలంటే ఏం చేయాలి?

అక్కడి పద్ధతి అమెరికాలా ఉండదు. ముందు ఒక జిమ్‌లో సభ్యుడు కావాలి. జిమ్ లేనివాడికి పోటీ లేదు. ఆ జిమ్ యజమానే మేనేజరు, చాలాసార్లు పోటీల నిర్వాహకుడు కూడా. లైసెన్సు ఇచ్చేది జపాన్ బాక్సింగ్ కమిషన్. రాత పరీక్ష, స్పారింగ్ (సాధన పోరు) పరీక్ష రెండూ పెడతారు. పాసైతే 'సి' లైసెన్సు, దానితో నాలుగు రౌండ్ల పోటీలు ఆడవచ్చు. గెలుస్తూ పోతే 'బి'తో ఆరు, 'ఎ'తో ఎనిమిది, ఆ పైన. కొత్తవాళ్ళ కోసం ఏటా టోర్నమెంటు జరుగుతుంది. అందులో గెలిచినవాడిని ఆ ఏటి రూకీ రాజు అంటారు.

డబ్బు సంగతి అడగవద్దు. కింది స్థాయిలో చాలామందికి పారితోషికంలో భాగంగా టికెట్లు చేతికిస్తారు. అవి అమ్ముకుంటేనే డబ్బు. అందుకే పగలు ఏదో ఒక ఉద్యోగం, సాయంత్రం జిమ్. టోక్యో డోమ్ అనే బేస్‌బాల్ స్టేడియం పక్కన ఒక భవనం అయిదో అంతస్తులో కొరాకువెన్ హాల్ ఉంది. రెండు వేలమంది కూడా పట్టని ఆ హాలులో వారానికి రెండుమూడుసార్లయినా బాక్సింగో కుస్తీయో జరుగుతూనే ఉంటుంది. జపాను బాక్సింగ్ మొత్తానికి పునాది ఆ చిన్న హాలే.

ఇనోయె చేరింది యొకొహామాలోని ఓహాషి జిమ్‌లో. దాని యజమాని హిదెయుకి ఓహాషి మామూలు మనిషి కాడు. 1980ల చివరలో జపాను బాక్సర్లు ప్రపంచ టైటిల్ కోసం వరసగా 21 సార్లు ప్రయత్నించి 21 సార్లూ విఫలమయ్యారు. 1990 ఫిబ్రవరి 7న కొరియా బాక్సర్ చోయ్ జుమ్-హ్వాన్‌ను నాకౌట్ చేసి ఆ శని వదిలించింది ఓహాషియే. అలాంటివాడి దగ్గరికి వచ్చి 19 ఏళ్ళ ఇనోయె, తనకు బలహీనమైన ప్రత్యర్థులను తీసుకురావద్దని షరతు పెట్టాడని జపానులో అందరూ చెప్పుకుంటారు.

ఆరో పోటీకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడంటారు. అంత తొందరగా ఎలా?

ఆ షరతును ఓహాషి నిజంగానే పాటించాడు. మామూలుగా కొత్త బాక్సరుకు మొదటి పది పదిహేను పోటీలు సులభంగా గెలిచేవే దొరుకుతాయి. ఇనోయెకు మూడో పోటీలోనే జపాను ర్యాంకింగ్‌లో ఉన్న యూకి సానో ఎదురయ్యాడు. కుడి చెయ్యి దెబ్బతినడంతో ఆ పోటీలో ఎక్కువ భాగం ఎడమ చేత్తోనే నెట్టుకొచ్చి పదో రౌండులో ముగించాడు. నాలుగోది 2013 ఆగస్టు 25న, సొంత ఊరు జామాలో, జాతీయ ఛాంపియన్ ర్యోయిచి తగుచితో. పది రౌండ్లూ సాగింది. పాయింట్లపై గెలిచాడు. తగుచి ఆ తర్వాత రెండు ప్రపంచ బెల్టులు కలిపి పట్టుకున్నాడంటే ఆ నాలుగో పోటీ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

2014 ఏప్రిల్ 6న మెక్సికోకు చెందిన అద్రియాన్ ఎర్నాందెజ్‌ను ఆరో రౌండులో ఆపి డబ్ల్యూబీసీ (నాలుగు ప్రపంచ బాక్సింగ్ సంస్థల్లో ఒకటి) లైట్ ఫ్లై బెల్టు గెలిచాడు. అప్పటికి జపానులో అదే అతి వేగం. మరుసటి ఏడాది కోసెయ్ తనకా అయిదో పోటీకే ప్రపంచ ఛాంపియనై దాన్ని చెరిపేశాడు. ఈ పోటీలో రికార్డు కన్నా ముఖ్యమైనది వేరే ఉంది. మధ్యలో ఇనోయె కాలి కండరాలు పట్టేశాయి. 49 కిలోలకు దిగడానికి ఒంట్లో నీళ్ళన్నీ పిండేసుకున్న ఫలితం అది. కదలడం కష్టమని తెలియగానే దూరంగా తిరగడం మానేసి, ఎదురుగా నిలబడి కొట్లాటకు దిగి పని పూర్తి చేశాడు. నా దృష్టిలో ఇనోయె అసలు ప్రతిభ ఇక్కడే మొదటిసారి బయటపడింది. అందరూ అతని నాకౌట్ల వీడియోలు చూపిస్తారు. అనుకున్నది తలకిందులైనప్పుడు ఆ మూడు నిమిషాల రౌండులోనే దారి మార్చుకునే తెలివి ఆ వీడియోల్లో కనిపించదు.

అదే ఏడాది రెండు విభాగాలు దాటేశాడా?

అవును. ఫ్లై వెయిట్‌ను వదిలేసి నేరుగా సూపర్ ఫ్లైకి వెళ్ళి, 2014 డిసెంబరు 30న అర్జెంటీనా బాక్సర్ ఒమార్ నార్వాయెజ్‌తో తలపడ్డాడు. అప్పటికి నార్వాయెజ్ తన సూపర్ ఫ్లై ప్రపంచ బెల్టును పదకొండుసార్లు నిలబెట్టుకున్నాడు. కెరీర్‌లో ఎన్నడూ కిందపడనివాడు. ఇనోయె అతన్ని మొదటి నిమిషంలోనే పడగొట్టాడు. మొత్తం నాలుగుసార్లు పడగొట్టి రెండో రౌండులో ముగించాడు. నార్వాయెజ్ మూలనుంచి వచ్చినవాళ్ళు ఇనోయె గ్లవ్స్ తీయించి, లోపల ఏమైనా దాచారేమోనని తడిమి చూశారు. చెయ్యి తప్ప ఏమీ లేదు. ఆ చెయ్యి కూడా అప్పటికే దెబ్బతిని ఉంది. శస్త్రచికిత్స తర్వాత ఏడాదిపాటు రింగుకు దూరమయ్యాడు.

అంత చిన్న శరీరంలో అంత బలం ఎలా?

భుజబలం అనుకుంటే పొరపాటు. పంచ్ నేల మీద మొదలవుతుంది. పాదం నేలను తొక్కితే ఆ ఊపు తుంటి మీదుగా, నడుము మలుపుతో భుజానికి, అక్కడి నుంచి పిడికిలికి చేరాలి. మధ్యలో ఎక్కడ ఒక్క క్షణం ఆలస్యమైనా సగం బలం పోతుంది. ఇనోయె దాదాపు ప్రతి పంచ్‌కూ ఈ వరస చెడదు, వెనక్కి అడుగు వేస్తూ కొట్టినప్పుడు కూడా. రెండోది దూరం లెక్క. ప్రత్యర్థి చెయ్యి అందని చోట నిలబడి, ఒక్క అడుగులో లోపలికి వచ్చి, కొట్టి, బయటికి పోతాడు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: పొట్ట. ఎడమ చేతి హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే దెబ్బ) పక్కటెముకల కింద, కాలేయం మీద పడితే ఎంతటివాడైనా ఒక క్షణం బాగానే ఉన్నట్టు నిలబడి, ఆ తర్వాత మడత పడిపోతాడు. తలకు దెబ్బ తగిలినవాడు లేవాలనుకుని తూలతాడు. కాలేయానికి తగిలినవాడికి లేవాలన్న కోరికే ఉండదు. 2023 జూలై 25న అప్పటిదాకా ఓడని స్టీఫెన్ ఫుల్టన్‌తో జరిగిన పోటీలో ఇనోయె ఏడు రౌండ్లపాటు పొట్టకు జ్యాబ్‌లు విసురుతూనే ఉన్నాడు. చూడటానికి అవి ప్రమాదం లేనివి. ఎనిమిదో రౌండులో మరో జ్యాబ్ పొట్టకు వెళ్ళింది, ఫుల్టన్ చేతులు అలవాటుగా కిందికి దిగాయి, వాటి మీదుగా కుడి చెయ్యి ముఖాన్ని తాకింది, వెనకే ఎడమ హుక్. ఏడు రౌండ్ల ముందు నాటిన విత్తనం అది.

ఈ బలానికి మూల్యం కూడా ఉంది. సానో, నార్వాయెజ్, 2016లో డేవిడ్ కార్మోనా పోటీల్లో అతని కుడి చెయ్యి దెబ్బతింది. ఫుల్టన్ పోటీ కూడా చేతి గాయం వల్లే మే నెల నుంచి జూలైకి వాయిదా పడింది.

డొనేర్‌తో మొదటి పోటీ గురించి అంతగా ఎందుకు చెప్పుకుంటారు?

2018, 2019లలో ఇనోయె బాంటమ్‌కు వచ్చాక జరిగినవి పోటీల్లా లేవు. జేమీ మెక్‌డొనెల్ 112 సెకన్లు నిలిచాడు. హువాన్ కార్లోస్ పయానో 70 సెకన్లు. గ్లాస్గోలో ఇమ్మాన్యుయేల్ రోడ్రిగెజ్ రెండో రౌండుకే అయిపోయాడు. మెక్‌డొనెల్ తర్వాతివి వరల్డ్ బాక్సింగ్ సూపర్ సిరీస్ అనే నాకౌట్ టోర్నమెంటులోవి. ఫైనల్ 2019 నవంబరు 7న సైతామాలో. ఎదురుగా ఫిలిప్పీన్స్ వీరుడు నోనిటో డొనేర్, మరో తొమ్మిది రోజుల్లో 37 నిండబోతున్నవాడు. ఎన్ని రౌండ్లు నిలుస్తాడన్నదే అందరి లెక్క.

రెండో రౌండులో డొనేర్ ఎడమ హుక్ ఇనోయె కుడి కన్ను మీద పడింది. కనుబొమ్మ చీలింది. కంటి గూటి ఎముక, ముక్కు ఎముక విరిగాయని తర్వాత తెలిసింది. అక్కడి నుంచి ఇనోయెకు ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపించాడు. అతను గ్లవ్‌ను కుడి కంటికి అడ్డం పెట్టుకుని, ఒక్క కంటితో దూరం కొలుచుకుంటూ ఆడాడు. పిడికిలి ఎత్తి రక్షణలా చూపించాడు గనక అది గాయమని డొనేర్‌కు తెలియలేదు. తొమ్మిదో రౌండులో డొనేర్ కుడి చేతి దెబ్బకు కాళ్ళు తడబడినా ఇనోయె నిలబడ్డాడు. పదకొండో రౌండులో ఎడమ హుక్ పొట్టకు తగిలి డొనేర్ రింగులో అటు తిరిగి నడిచి మోకాళ్ళ మీద కూలాడు. అతి కష్టం మీద లేచాడు. తీర్పు 116-111, 117-109, 114-113, ముగ్గురు న్యాయనిర్ణేతలూ ఇనోయె వైపే.

ఆ రాత్రి తమ్ముడు తకుమా అదే వేదిక మీద నార్దీన్ ఉబాలీ చేతిలో ఓడిపోయాడు. ఇంకో సంగతి. ట్రోఫీ తెస్తానని డొనేర్ తన పిల్లలకు మాటిచ్చి వచ్చాడు. ఓడాక, ఒక్క రాత్రికి అరువివ్వమని ఇనోయెను అడిగి తీసుకెళ్ళి పిల్లలకు చూపించాడు. 2022 జూన్ 7న ఇద్దరూ మళ్ళీ తలపడ్డారు. ఈసారి రెండో రౌండులోనే ఇనోయె ముగించేశాడు. మొదటి పోటీ నేర్పిన పాఠం అంతగా పనికొచ్చింది.

'వివాదరహిత ఛాంపియన్' అంటే ఏమిటి?

బాక్సింగుకు ఒకే ప్రపంచ సంస్థ లేదు. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగున్నాయి, ఎవరి ఛాంపియన్ వారిదే. నాలుగూ ఒక్కడి దగ్గరే ఉంటే అతను వివాదరహితుడు. జపాను కమిషన్ 2013 దాకా మొదటి రెండింటినే గుర్తించేది. ఇనోయె సరైన సమయానికి వచ్చాడు. 2022 డిసెంబరు 13న పాల్ బట్లర్‌ను పదకొండో రౌండులో ఆపి బాంటమ్‌లో నాలుగూ చేజిక్కించుకున్నాడు. ఆ విభాగంలో 1972 నాటి ఎన్రికే పిందెర్ తర్వాత మళ్ళీ ఒక్కడే రాజు. బట్లర్ ఆ రోజు తప్పించుకు తిరగడం తప్ప ఏమీ చేయలేదు. ఇనోయె చేతులు వెనక్కి కట్టుకుని రమ్మని కవ్వించాడు కూడా. వెంటనే ఆ బెల్టులన్నీ వదిలేసి పైకి వెళ్ళి, ఫుల్టన్ నుంచి రెండు, 2023 డిసెంబరు 26న మార్లన్ టపాలెస్ నుంచి మిగతా రెండు లాక్కున్నాడు. నాలుగు బెల్టుల కాలంలో రెండు విభాగాల్లో ఈ ఘనత సాధించిన పురుషుల్లో టెరెన్స్ క్రాఫర్డ్ తర్వాత ఇతనే రెండోవాడు.

టోక్యో డోమ్ పోటీలో నెరీ మీద జపాను ప్రేక్షకులకు అంత కోపం ఎందుకు?

దీనికి 2017కు వెళ్ళాలి. షిన్‌సుకె యమనకా అనే ఎడమచేతి వాటం ఛాంపియన్ బాంటమ్ బెల్టును 12 సార్లు నిలబెట్టుకున్నాడు. ఇంకొక్కటి గెలిస్తే యోకో గుషికెన్ పేరిట ఉన్న 13 రక్షణల జపాను రికార్డు సమం. ఆ పోటీలో మెక్సికో బాక్సర్ లూయిస్ నెరీ అతన్ని చిత్తు చేశాడు. తర్వాత నెరీ డోపింగ్ నమూనాలో జిల్పటెరాల్ (పశువుల కండ పెంచడానికి వాడే మందు) తేలింది. కలుషిత మాంసం వల్ల కావచ్చని వదిలేశారు. 2018 మార్చిలో మళ్ళీ పోటీ పెడితే నెరీ పరిమితికి రెండు కిలోలకు పైగా ఎక్కువ బరువుతో తూకానికి వచ్చాడు. అప్పటికే ఒళ్ళు ఎండబెట్టుకుని నిలబడ్డ యమనకా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మరునాడు రెండో రౌండులో ఓడిపోయి, ఆటకే వీడ్కోలు చెప్పాడు. నెరీని జపాను రింగుల నుంచి నిషేధించారు.

ఆ నిషేధం ఎత్తేసి 2024 మే 6న ఇనోయె ముందుకు తెచ్చారు. 1990లో బస్టర్ డగ్లస్ చేతిలో టైసన్ కూలిన తర్వాత టోక్యో డోమ్‌లో బాక్సింగ్ జరగడం అదే మొదటిసారి. నలభై వేలకు పైగా జనం. మొదటి రౌండులోనే నెరీ ఎడమ హుక్‌కు ఇనోయె వెల్లకిలా పడ్డాడు. జీవితంలో మొదటిసారి. ఇక్కడ అతను చేసిన పని గమనించండి. ఎగిరి లేవలేదు. ఒక మోకాలి మీద ఉండి రిఫరీ ఎనిమిది లెక్కపెట్టేదాకా ఆగి లేచాడు. అంతకుముందు ఎప్పుడూ కిందపడని మనిషికి ఆ నిదానం ఎక్కడిది? మనసులో ఎన్నోసార్లు పడి లేచి ఉండాలి. రెండో రౌండులో నెరీ పడ్డాడు, అయిదులో మళ్ళీ పడ్డాడు, ఆరులో కుడి చేతి దెబ్బలకు తాళ్ళ మీద ఒరిగిపోయాడు.

2025 మే 4న లాస్ వేగాస్‌లో రమోన్ కార్డెనాస్ కూడా ఇనోయెను రెండో రౌండులో పడగొట్టాడు. ఎనిమిదో రౌండులో ఇనోయె గెలిచాడు. ప్రపంచ టైటిల్ పోటీల్లో అది అతని 23వ నాకౌట్, దాంతో పాత హెవీవెయిట్ దిగ్గజం జో లూయిస్ రికార్డు వెనకబడింది. ఎడమ హుక్‌కు దొరికిపోవడం అతని నిజమైన లోపమని ఈ రెండు పోటీలూ చూపించాయి. పైకి వెళ్ళేకొద్దీ అది ప్రమాదమే.

సొంత గడ్డ మీదే ఆడతాడని, సులభమైనవాళ్ళను ఎంచుకుంటాడని విమర్శ ఉంది కదా?

మొదటి మాటలో కొంత నిజముంది. 32 పోటీల్లో ఆరే విదేశాల్లో: అమెరికాలోని కార్సన్, గ్లాస్గో, మూడుసార్లు లాస్ వేగాస్, రియాద్. అయితే టోక్యోలో హాలు నిండి, డబ్బు అక్కడే ఎక్కువ వస్తుంటే అమెరికా ఎందుకు వెళ్ళాలి? పాత రోజుల్లో తేలిక బరువులవాళ్ళు పేరు కోసం లాస్ వేగాస్ దారి పట్టేవారు. ఇప్పుడు ప్రత్యర్థులే టోక్యో వస్తున్నారు. దాన్ని నేను గెలుపుగానే చూస్తాను.

రెండోది అన్యాయం. కాకపోతే సూపర్ ఫ్లైలో ఉన్నప్పుడు ఆ విభాగపు మేటి బాక్సర్లైన రోమన్ గొంజాలెజ్, శ్రీసాకెత్, హువాన్ ఫ్రాన్సిస్కో ఎస్త్రాదాలలో ఒక్కరితోనూ పోటీ కుదరలేదు. ఆ లోటు లోటే.

ఇతనికి ముందు జపానులో గొప్ప బాక్సర్లు లేరా?

లేకపోవడమేమిటి! 1952లో యోషియో షిరాయ్ ఫ్లై వెయిట్ టైటిల్ గెలిచి జపాను తొలి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. యుద్ధంలో ఓడి కుంగిపోయిన దేశానికి అది ఎంత ధైర్యమో వేరే చెప్పాలా. అతనికి శిక్షణ ఇచ్చింది ఆక్రమణ సేనతో వచ్చిన ఆల్విన్ కాన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త. 1962లో 19 ఏళ్ళకే ఛాంపియనైన ఫైటింగ్ హరాదా, బ్రెజిల్ దిగ్గజం ఎదెర్ జోఫ్రేను రెండుసార్లు ఓడించాడు. జోఫ్రే జీవితంలో ఓడింది ఆ రెండుసార్లే. ఒకినావాకు చెందిన గుషికెన్ సంగతి పైన వచ్చింది. ఇనోయె, హరాదాలలో ఎవరు గొప్ప అని ఇప్పటికీ వాదులాట. ఒక్కో విభాగానికి ఒకే ఛాంపియన్ ఉన్న రోజుల్లో జోఫ్రేను ఓడించడం కన్నా పెద్ద పని ఉందా అని హరాదా పక్షం వారు అంటారు. వాళ్ళ మాట తోసిపారేయలేను.

మన నిఖత్ జరీన్ ఆడే బాక్సింగ్, ఇది ఒకటేనా?

బరువులు దగ్గరదగ్గరే. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ 2022లో 52 కిలోల్లో, 2023లో 50 కిలోల్లో ప్రపంచ విజేత. ఆట మాత్రం వేరు. అమెచ్యూర్ పోటీ మూడు రౌండ్లు, టోర్నమెంటులో కొద్ది రోజుల్లోనే నాలుగైదు పోటీలు, ప్రతిసారీ ఉదయం తూకం. అక్కడ వేగంగా పాయింట్లు సంపాదించాలి. ప్రొఫెషనల్ టైటిల్ పోటీ పన్నెండు రౌండ్లు, ఏడాదికి రెండో మూడో. ఫుల్టన్ మీద చేసినట్టు ఏడు రౌండ్లు ఉచ్చు పన్నే తీరిక అమెచ్యూర్‌లో ఉండదు.

బరువు తగ్గించుకోవడం ప్రమాదం కాదా?

చాలా ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గితే తలకు తగిలే దెబ్బలను మెదడు తట్టుకునే శక్తి తగ్గుతుందని వైద్యులు ఎప్పటి నుంచో హెచ్చరిస్తున్నారు. 2025 ఆగస్టు 2న కొరాకువెన్ హాల్‌లో ఒకే రోజు వేర్వేరు పోటీల్లో ఆడిన ఇద్దరు 28 ఏళ్ళ బాక్సర్లు మెదడులో రక్తస్రావంతో రోజుల వ్యవధిలో చనిపోయారు. ఆ తర్వాత ప్రాచ్య, పసిఫిక్ ప్రాంత టైటిల్ పోటీలను పన్నెండు రౌండ్ల నుంచి పదికి తగ్గించారు. ఈ ఆటను ఇష్టపడుతూ ఈ సంగతి దాచిపెట్టడం నాకు చేతకాదు.

తమ్ముడు తకుమా ఎలా ఆడతాడు?

అన్న బలం లేదు, ఓపిక ఉంది. 2023లో డబ్ల్యూబీఏ బాంటమ్ బెల్టు గెలిచి, 2024లో సెయ్యా త్సుత్సుమికి కోల్పోయాడు. 2025 నవంబరులో కిక్‌బాక్సింగ్ నుంచి వచ్చిన తెన్షిన్ నసుకావాకు తొలి ఓటమి రుచి చూపించి డబ్ల్యూబీసీ బెల్టు పట్టాడు. అందరూ నసుకావానే గెలుస్తాడనుకున్నారు.

ఇప్పుడు నవోయా పరిస్థితి ఏమిటి?

2025లో నాలుగుసార్లు ఆడాడు, ఈ స్థాయిలో అది చాలా ఎక్కువ. సెప్టెంబరులో నగోయాలో ఉజ్బెకిస్తాన్ బాక్సర్ మురోద్జోన్ అఖ్మదలియెవ్‌తో జరిగినది నాకు అతని అత్యుత్తమ ప్రదర్శనల్లో ఒకటి. నాకౌట్ కోసం వెంటపడలేదు. నెరీ, కార్డెనాస్ పోటీల్లో పడ్డ అనుభవాన్ని తలకెక్కించుకుని, అందకుండా తిరుగుతూ పన్నెండు రౌండ్లూ పాయింట్లు ఏరుకున్నాడు. డిసెంబరు 27న రియాద్‌లో ఆలన్ పికాసో మీదా పాయింట్లతోనే గెలిచాడు. అదే రాత్రి అదే వేదిక మీద జపానుకే చెందిన, ఓటమి ఎరగని జుంతో నకతాని కూడా ఇతని విభాగానికి వచ్చి గెలిచాడు. టోక్యో డోమ్‌లో ఇద్దరం ఆడదామని 2025 మార్చిలోనే ఇనోయె అందరి ఎదుటా అతన్ని పిలిచాడు. నకతాని పొడగరి, ఎడమచేతి వాటం, మంచి నాకౌట్ బలం ఉన్నవాడు. ఇంతవరకు ఇనోయెకు ఎదురైనవాళ్ళలో ఎవరిలోనూ ఈ మూడూ కలిసి లేవు.

కొత్తగా చూసేవాళ్ళు ఏ పోటీతో మొదలుపెట్టాలి?

నాకౌట్ల సంకలనాలతో మాత్రం వద్దు. డొనేర్‌తో మొదటి పోటీ పూర్తిగా చూడండి, మూడో రౌండు నుంచి అతని కుడి గ్లవ్‌ను గమనిస్తూ. తర్వాత ఫుల్టన్ పోటీలో పొట్టకు వెళ్ళే జ్యాబ్‌లు లెక్కపెట్టండి. ఆ పైన నెరీ. ఓపిక ఉన్నవాళ్ళు తగుచి పోటీ వెతుక్కోండి. 20 ఏళ్ళ ఇనోయె పది రౌండ్లు కొట్టినా పడగొట్టలేకపోయిన ఆ మనిషి గడ్డం ఎలా దాచుకున్నాడో, చేతులు ఎక్కడ పెట్టుకున్నాడో చూస్తే తర్వాత వచ్చిన 27 మందిలో ఎక్కువమంది చేయలేనిది ఏమిటో తెలుస్తుంది.